కందుల డ్రమ్ములో పెళ్లి క్యాసెట్టు

మా పాపకు మూడేళ్లు నిండకముందే ఒక ఆట అలవాటయింది. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకొని, నడుము వంచి, ‘అబ్బా, అబ్బా’ అనుకుంటూ ఇల్లంతా తిరిగేది. ఏందే అది అంటే అమ్మమ్మ నడక అనేది. కట్టంగూర్‌లో మా ఇంట్లో చేస్తే అందరం నవ్వుకున్నాం. మర్రిగూడ దిక్కు మా అమ్మగారింటికి పోయినప్పుడు మా అమ్మ ముందరే మొదలుపెట్టింది. నాకు ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మ మాత్రం అందరికంటే ఎక్కువ నవ్వింది, ఇంకోసారి చెయ్యమని అడిగింది కూడా.

మధ్యాహ్నం పాప పడుకున్నాక, చాటలో కందులు చెరుగుతూ మెల్లగా అంది.

“గీ పోరి నేను పుట్టినకాంచి గిట్లనే నడిచిన అనుకుంటున్నదే. పెండ్లి క్యాసెట్ల నేను ఉరికింది ఉన్నది గద. గది జర దీనికి చూపియ్యి బిడ్డా.”

నేను నోరు తెరిచాను. ఎందుకంటే ఆ ఉరికిన ముక్క అంటే అమ్మకు చచ్చేంత సిగ్గు.

అమ్మ పుట్టిల్లు మేకల ఇల్లు. తల్లి చచ్చిపోయిన ఒక మేకపిల్లను అమ్మ సీసాతో పాలు పట్టి సాకింది. అప్పగింతలయ్యి, పెళ్లికూతురు ట్రాక్టర్ ఎక్కి కూర్చున్నాక, ఆ మేకపిల్ల తాడు తెంపుకొని అరుచుకుంటూ వెంటపడింది. టైరు కింద పడుతుందని అమ్మ బాసింగంతోనే ట్రాలీ మీది నుంచి దూకింది. చీర ఎగజెక్కి, మేకపిల్లను చంకనేసుకొని దొడ్డి దాకా ఉరికి, కట్టేసి, మళ్లీ ఉరుక్కుంటూ వచ్చి ట్రాలీ ఎక్కింది. వీడియో తీసే ఆయన అదంతా తీసి పెట్టుకున్నాడు. పెళ్లికూతురు అట్లా ఉరుకుతుందా అని మా బాపమ్మ ఏళ్లకేళ్లు దెప్పిందట.

నా చిన్నప్పుడు ఎప్పుడన్నా క్యాసెట్లు ఆడించే డెక్కు కిరాయికి తెస్తే, సినిమాల మధ్యలో పెళ్లి క్యాసెట్టు కూడా వేసేవాళ్లం. ట్రాక్టర్ కనబడగానే అమ్మ లేచి పోయి ఫార్వర్డ్ బటన్ నొక్కేది. టీవీ నిండా గీతలు. ఆ గీతల సందున ఎర్ర చీర ఒకటి అటు పోయి ఇటు వచ్చేది. అమ్మ ఉరకడం నేను చూసింది అంతే. నాకు బుద్ధి తెలిసేసరికే అమ్మ మోకాళ్లు బిగుసుకుపోయాయి. మా దిక్కు బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, అమ్మ చిన్నప్పటి నుంచీ ఆ నీళ్లే తాగింది. తెలంగాణ వచ్చాక ఇంటింటికీ మంచినీళ్ల నల్లా వచ్చింది. అయితే ఎముకల్లోకి పోయింది బయటికి రాదు కదా.

ఇక క్యాసెట్టు సంగతి. చెమ్మ తగిలితే రీలు పాడవుతుందని అమ్మకు ఎవరో చెప్పారు. ఏదన్నా పాడవకుండా దాచడం అంటే అమ్మకు తెలిసింది కందులు దాచడమే. అందుకని ఎండాకాలం కందులు ఎండబోసినప్పుడు, పక్కనే చాప మీద క్యాసెట్టునూ పెట్టేది. ఒక దిక్కు కాగినాక రెండో దిక్కు తిప్పేది. సాయంత్రం అన్నిటితో పాటు ఎత్తి, ఎండిన వేపాకు వేసి, రేకు డ్రమ్ములో కందుల మధ్యన పెట్టి మూత బిగించేది. పురుగు పట్టదని ధీమా. మా వాడలో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. ఇంకొకరింట్లో అయితే వాళ్ల క్యాసెట్టు పెసర్లలో ఉండేదట.

ఇక నాన్నకు, అంటే మా బాపుకు, ఉన్న జాగ్రత్త ఒక్కటే. చూడటం అయిపోగానే రీలు మళ్లీ మొదటికి చుట్టాలి. కిరాయి క్యాసెట్లు చుట్టకుండా వాపస్ ఇస్తే దుకాణమాయన తిట్టేవాడని, ఆ భయం సొంత క్యాసెట్టుకూ అంటుకుంది.

డ్రమ్ములోంచి తీసి చూస్తే డబ్బా ఎండకు వంకర తిరిగింది. నల్లగొండలో, పాత క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఫొటో స్టూడియోకు తీసుకుపోయాను. ఆయన మరలు విప్పితే బల్ల మీద వేపాకు పొడి, రెండు కందిగింజలు రాలాయి.

“గిది క్యాసెట్టా, పప్పు డబ్బానా అక్కా?”

రీలు అంచున తెల్లగా బూజు కూడా ఉంది. మొత్తం వస్తుందని మాట ఇయ్యలేనన్నాడు, ఏ ముక్క ముఖ్యమో చెప్పమన్నాడు. అందరూ తాళి కట్టేదే అడుగుతారట. నేను మేక అన్నాను. ఆయన నా మొహం చూశాడు. అప్పుడు అన్నీ చెప్పాను. నాకు చెప్పడం మొదలుపెడితే ఆగదు, ఆయన కూడా పని ఆపి విన్నాడు.

కొన్నాళ్లకు ఫోన్ చేశాడు. పైన ఉన్న చుట్లు అంటుకొని చినిగిపోయాయి, తాళి కట్టింది రాలేదు. మొదటికి చుట్టి పెట్టడం వల్ల చివరి భాగం అన్నిటికంటే లోపల ఉండిపోయింది, అది వచ్చింది. బాపుకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి ఎట్లాగో చెప్పేశాను.

“పోనీ తియ్యి. నేను కట్టింది మీ అమ్మకు యాదికుంటది గద.”

పెన్‌డ్రైవ్ పట్టుకొని పోయి అమ్మవాళ్ల టీవీకి పెట్టాను. పాపను పక్కన కూర్చోబెట్టుకొని అమ్మ మంచం అంచున కూర్చుంది. రంగులు వెలిసిపోయి బొమ్మ వణుకుతున్నా, గీతలు లేవు. ఎర్ర చీర పిల్ల ట్రాలీ మీది నుంచి దూకి, ఒక్క క్షణం తూలి, నిలదొక్కుకొని ఉరికింది. అరికాళ్లు నేలకు తగిలి దుమ్ము లేస్తోంది. నేననుకున్నట్టు భయంగా లేదు ఆమె మొహం, నవ్వుతోంది.

ఎవరది అని పాప అడిగింది. నేనే అంది అమ్మ. పాప టీవీని చూసింది, అమ్మ మోకాళ్లను చూసింది. మంచం దిగి అమ్మ చెయ్యి పట్టి గుంజింది.

“అయితే ఉరుకు అమ్మమ్మా. ఇప్పుడు ఉరుకు.”

అమ్మ లేవబోయి, సగంలో ఆగి, మళ్లీ కూర్చుంది. ఎందుకు తెచ్చానురా దేవుడా అనుకుంటూ రిమోట్ అందుకున్నాను. అమ్మ పాప చెయ్యి వదల్లేదు, టీవీ మీది నుంచి కళ్లూ తిప్పలేదు.

“ఆపకు బిడ్డా,” అంది. “జర ఉరకనియ్యి.”