చలికాలంలో ఒకరికే చోటు

నేను నా జన్మలో నడిపిన వాహనం ఒక్కటే. కారు కాదు, స్కూటరు కాదు, సైకిలైనా కాదు. గోల్ఫ్ ఆడే పెద్దమనుషులు గడ్డి మీద తిరగడానికి వాడే బ్యాటరీ బండి. పెట్రోలు అక్కర్లేదు, చప్పుడు చెయ్యదు. పైన కప్పు, పక్కలు ఖాళీ, ఇద్దరు పట్టే సీటు, సీటు ఎత్తితే కింద వరసగా బ్యాటరీలు. దుబాయ్‌కు తూర్పున ఉన్న ఫుజైరా కొండల్లో రాళ్ళ దారి మీద దాన్ని నా అంత బాగా ఎవరూ నడిపి ఉండరని ఇప్పటికీ గట్టిగా చెబుతాను. కాదన్నవాళ్ళు వచ్చి నడిపి చూపించవచ్చు.

గోదావరి జిల్లా నుంచి ఇంటిపనికి వెళ్ళినదాన్ని. ఊళ్ళో అందరూ నేను దుబాయ్‌లో ఉన్నాననే చెప్పుకునేవారు. ఆ రోజుల్లో దుబాయ్‌లో ఎటు చూసినా క్రేన్లే అని విన్నాను గానీ, నా కళ్ళ ముందున్నవి మాత్రం ఎర్రటి కొండలు, ఖర్జూరపు తోటలు, వాన పడితేనే పారే ఒక రాళ్ళ వాగు. ఆ వాగు పక్కన ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది. ఆమెను చూసుకోవడమే నా పని. పనివాళ్ళందరం ఆమెను మామా అని పిలిచేవాళ్ళం, అక్కడ అమ్మ అని అర్థం. ఆడమనిషిని మామా అనడానికి నోరు తిరగక మొదట్లో తెగ ఇబ్బంది పడ్డాను, తర్వాత అదే అలవాటైపోయింది.

పెద్దావిడకు మోకాళ్ళు పోయాయి. నోరు మాత్రం గట్టిదే. కర్ర పట్టుకుని ఇంట్లో తిరిగేది, ఇంటి బయటికి మాత్రం కష్టమయ్యేది. వాగు ఎగువన, దారి చివర మెట్ట మీద ఆమె అక్క తోట ఉంది. అక్క మంచం పట్టిన మనిషి, కిందికి రాలేదు. తెల్లవారి నమాజు అయ్యాక ఆ ఇద్దరూ కలిసి కాఫీ తాగడం పెళ్ళిళ్ళు కానప్పటి నుంచీ ఉన్న అలవాటట. ఆ తర్వాత అక్కగారి ఇంట్లో కోడళ్ళు లేస్తారు, మనవలు లేస్తారు, ఇక ఆ ఇద్దరికీ మాట్లాడుకునే వీలుండదు. మధ్యాహ్నం వెళితే అక్క నిద్రలో ఉంటుంది. వెళితే పొద్దున్నే వెళ్ళాలి, లేదంటే లేదు.

కారులో వెళ్ళొచ్చు కదా అని నేనూ అన్నాను. పెద్ద కొడుక్కి కొండ కొట్టి కంకర చేసే క్వారీ ఉంది, ఇంట్లో ఎత్తెత్తు కార్లు ఉన్నాయి. కానీ వాటిలోకి ఎక్కాలంటే ఆమెను ఎవరో ఒకరు ఎత్తి కూర్చోబెట్టాలి. కన్నకొడుకు చేతులైనా సరే, మూటలా ఎత్తించుకోవడం ఆమెకు చచ్చినా ఇష్టం లేదు. అందుకే కొడుకు ఎక్కడి నుంచో ఆ వాడిన బండి కొనుక్కొచ్చాడు. నేల నుంచి జానెడు ఎత్తు. పెద్దావిడ తన కర్రతో తానే ఎక్కి, తానే కూర్చుంది. ఆ రోజు ఆమె మొహం చూసి నాకు మా అమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

బండి అమ్మినవాడు దాన్ని దింపుతూ ఒకటే జాగ్రత్త చెప్పి వెళ్ళాడు. వేడి బ్యాటరీకి శత్రువు, నీడలో పెట్టండి అని. ఆ దేశంలో ఆ మాట ఎవరికీ రెండోసారి చెప్పనక్కర్లేదు. ఎండకు పాలు విరుగుతాయి, టైర్లు పగులుతాయి, మనుషులు పడిపోతారు. అందుకని ఎండాకాలమంతా ఆ బండిని పసిబిడ్డలా చూసుకున్నాం. ఖర్జూరపు మట్టలతో పందిరి వేశాం. కింద నేల తడిపాను. రోజూ పొద్దున్నే నేను నడపడం, పక్కన పెద్దావిడ, ఒళ్ళో కాఫీ ఫ్లాస్కు. వెళ్ళిరావడానికి ఏ లోటూ ఉండేది కాదు.

చలికాలం వచ్చింది. మన దగ్గరిలాంటి చలి కాదది. కొండల మీద నుంచి తెల్లారగట్ల దిగే గాలి ఎముకల్లోకి పోతుంది. మేమంతా ఏమనుకున్నాం? బ్యాటరీకి మంచి రోజులు వచ్చాయనుకున్నాం. పందిరి పీకేసి, బండిని రాత్రంతా ఆరుబయట, గాలి తగిలే చోట పెట్టాం. ఏసీలో పెట్టినట్టే కదా అని నేనే అన్నాను, అందరూ బాగుందన్నారు.

ఆ మర్నాడు సగం దారిలో బండి ఆగిపోయింది.

ఆగిపోయిందంటే ఠక్కున కాదు. మెల్లగా, మెల్లగా, నడిచే మనిషి కంటే మెల్లగా అయి, చివరికి నిలబడిపోయింది. క్వారీకి పోయే కూలీల బస్సు పక్కనుంచి వెళుతూ వేగం తగ్గించింది. కిటికీల్లోంచి అందరూ చూస్తున్నారు. పెద్దావిడ మొహం మీదికి ముసుగు లాక్కుంది. ఇంటి డ్రైవరు కారు తెచ్చి, తాడు కట్టి వెనక్కి లాక్కొచ్చాడు. ఇంకొన్నాళ్ళకు మళ్ళీ అదే జరిగింది. ఈసారి తాడు లాగింది పెద్ద కొడుకే.

ఇంటికొచ్చాక వాకిట్లోనే నా మీద పడ్డాడు. "ఛార్జింగ్ పెట్టడం మర్చిపోతున్నావు."

"పెట్టాను బాబా. నా చేత్తో పెట్టాను," అన్నాను వచ్చీరాని అరబ్బీలో.

"ఇంకొక్కసారి ఆగితే ఖలాస్. బండి అమ్మేస్తాను. మా అమ్మను అందరూ చూసే దారిలో నిలబెట్టలేను."

నాకు ఒళ్ళు మండిపోయింది. నిజంగా మర్చిపోయి ఉంటే తల వంచుకునేదాన్నే. పెద్దావిడ మాత్రం కర్ర తాటించుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట రొట్టె తినలేదు. అక్కకు రోజులు దగ్గర పడ్డాయని ఆ ఇంట్లో అందరికీ తెలుసు, అందరికంటే ఎక్కువ ఆమెకు తెలుసు.

నా కోపం ఊరికే పోదు, ఏదో ఒక పని చేయిస్తుంది. ఆ మధ్యాహ్నం ఎండ బాగా కాశాక, పొద్దున్నే ఆగిన ఆ బండినే అంతే ఛార్జింగ్ పెట్టి ఎగువ తోట దాకా ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. హాయిగా వెళ్ళింది, హాయిగా వచ్చింది. మర్నాడు మళ్ళీ పొద్దున్నే ఒక్కదాన్నే తీస్తే వాగు మలుపు దగ్గరే మూలగడం మొదలుపెట్టింది. వెంటనే వెనక్కి తిప్పేశాను. డ్రైవరు కారు తుడుస్తున్నాడు. అతనిది కడప వైపు. ఇంట్లో నేను తెలుగు మాట్లాడగలిగే మనిషి అతనొక్కడే.

"భాయ్, దీనికి చలేస్తోందయ్యా," అన్నాను.

అతను పడీపడీ నవ్వాడు. "ఏందక్కా నువ్వు చెప్పేది? బ్యాటరీకి చలేందక్కా? దానికేమన్నా మోకాళ్ళుండాయా నొప్పులు పుట్టేదానికి?"

"నవ్వకు. మజ్జానం బాగా ఎల్తంది, పొద్దున్న ఎల్లట్లేదు. నువ్వే చెప్పు మరి, ఎందుకో?"

అతను నవ్వడం ఆపి చేతిలో గుడ్డ బానెట్ మీద పడేశాడు. "అదీ నిజమేలే. మా కారు గూడా చలికి పొద్దున్నే సరిగా పట్టుకోదు."

వరండాలో కూర్చున్న పెద్దావిడ ఏమిటా నవ్వులని అడిగింది. చేతులు తిప్పుతూ ఎలాగో చెప్పాను. ఆమె నవ్వలేదు. నిప్పుల కుంపటి దగ్గర కాచుకుంటున్న మోకాళ్ళను అరచేత్తో తట్టి, "నాకూ పొద్దున కదలవు. వేడి తగిలాక కదులుతాయి. దాన్నీ లోపల పడుకోబెట్టండి, యల్లా, కానివ్వండి," అంది. ఇంజనీర్లు ఏమంటారో నాకు తెలియదు. మాకు ఆ మాట చాలు.

పెరట్లో ఖర్జూరాలు నిలవచేసే పాత రాతి కొట్టు ఉంది. రాత్రిపూట కూడా లోపల వెచ్చగా ఉంటుంది. భాయ్ దాని తలుపు ఊడదీసి బండిని లోపలికి తోసి, గుమ్మానికి దళసరి గోనెపట్టా వేలాడదీశాడు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీల్లోంచి గ్యాసు వస్తుందని పైన వెంటిలేటరు తెరిచే ఉంచమన్నాడు. అంతకుముందు నేను సాయంత్రమే ఛార్జింగ్ ముగించి, పడుకునే ముందు తీసేసేదాన్ని. బండి రాత్రంతా చల్లబడి కూర్చునేది. ఇప్పుడు పడుకునేటప్పుడు పెట్టి, నమాజు పిలుపు వినపడ్డాక తీశాను. సీటు ఎత్తి చెయ్యి పెట్టి చూస్తే బ్యాటరీలు గోరువెచ్చగా ఉన్నాయి. తీయగానే సీటు మీదా, చుట్టూ దుప్పట్లు కప్పి బయల్దేరాం. ఆ రోజు వెళ్ళాం, వచ్చాం. ఆ తర్వాతా వెళ్ళాం. కొడుక్కి మాత్రం నమ్మకం కుదరలేదు.

ఒక రాత్రి వాన కురిసి, తెల్లారేసరికి చలి మరీ పెరిగింది. దారంతా తడి, చక్రాలు దిగబడుతున్నాయి. ఆ రోజే పెద్ద కొడుకు పొద్దున్నే వచ్చాడు. కారు బానెట్ మీద తాడు చుట్ట పెట్టుకుని మా వెనకే నడిపాడు. ఆ తాడు నాకు అద్దంలో కనపడుతూనే ఉంది. ఆగితే అదే ఆఖరు, బండీ పోతుంది, పొద్దుటి కాఫీ పోతుంది. నేను ఒక్క కుదుపు లేకుండా, పెడల్ అదిమి తొక్కకుండా, గుడ్డు మోసుకెళ్ళినట్టు నడిపాను. తోటలు దాటాం, మలుపు దాటాం. ఎదురుగా అక్క ఇంటి మెట్ట. అక్కడ మొదలైంది. బండి వేగం తగ్గుతోంది. నా కాలి కింద పెడల్ నేలకు ఆనిపోయింది, అయినా తగ్గుతోంది.

పెద్దావిడ కర్రతో నా తొడ మీద పొడిచింది.

"ఇంజిలీ!"

దిగు అని. నేను అర్థం కానట్టు చూశాను.

"నువ్వు రెండు బస్తాల బరువున్నావు. దిగు!"

అది అబద్ధం కాదు. నేనేమీ సన్నటి మనిషిని కాను. బండి ఎలాగూ పాకుతోంది, ఆమె ఒళ్ళోని ఫ్లాస్కు అందుకుని దూకేశాను. నేను దిగిన చోటికి ఆమె జరిగి కూర్చుంది. కర్ర పక్కన పడేసింది, రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుంది, పెడల్ మీద కాలు వేసింది. ఎండాకాలమంతా నా కాళ్ళూ చేతులూ చూస్తూ కూర్చున్న మనిషి, ఊరికే కూర్చోలేదని అప్పుడు తెలిసింది. బరువు తగ్గిన బండి ఒకసారి ఊగి, ఊపిరి పీల్చుకున్నట్టు ముందుకు కదిలింది. మెట్ట ఎక్కుతోంది. ఆమె ఒక్కతే.

వెనక కారు ఆగింది. కొడుకు దిగి "యుమ్మా! యుమ్మా!" అని అరుస్తున్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు. బురఖా లాంటి ఆ నల్లటి అబాయా గాలికి బండి పక్కలోంచి ఎగురుతోంది. మెట్ట పైన గేటు దాటి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపలి నుంచి ఆ ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ళు ఒకేసారి మాట్లాడుకోవడం వినపడింది.

కొడుకు గేటు వైపు నుంచి తిరిగి కారు దగ్గరికి వచ్చాడు. తర్వాత తాడు తీసి కారు వెనక పడేసి, నన్ను ఎక్కమన్నాడు. నేను ఎక్కలేదు. నాకు ఏడుపు తన్నుకొస్తోంది, అది అతనికి కనపడటం నాకు ఇష్టం లేదు. ఫ్లాస్కు చేత్తో పట్టుకుని నడిచే వెళ్ళాను.

ఆ చలికాలమంతా ఆమె ఒక్కతే నడిపింది. ఇద్దరెక్కితే చలికి బ్యాటరీ చాలదు కాబట్టి, నేను ఫ్లాస్కుతో వెనకాల నడిచేదాన్ని. అక్క ఆ వసంతంలో పోయింది. పోయే ముందు పొద్దుటి కాఫీ కూడా చెల్లెలితోనే తాగింది. ఆ తర్వాత కూడా పెద్దావిడ రోజూ పొద్దున్నే మెట్ట మీది తోట దాకా వెళ్ళి, అక్క కూర్చునే చోట కాసేపు కూర్చుని వచ్చేది.

ఎండలు ముదిరాయి. సూర్యుడు రాకముందే చెమటలు కారుతున్నాయి. బ్యాటరీ ఇప్పుడు నాలాంటి వాళ్ళను ఇద్దరినైనా మోస్తుంది. ఇక నా సీటు నాకు వచ్చినట్టేనని, ఒక పొద్దున బండి దగ్గరికి వెళ్ళి కాలు లోపల పెట్టబోయాను. ఆమె కర్ర అడ్డం పెట్టింది. నుదుటి మీద చెమట ముసుగు అంచుతో తుడుచుకుంటూ, నా వంక చూడకుండా అంది.

"బర్ద్."

చలి, అని.