అక్క మింగిన రంగు మాత్రలు

మా తోడికోడలికి నన్ను చూస్తే కుళ్ళు. ఇది నేను వేస్తున్న నింద కాదు. ఆమే నలుగురిలో చెప్పుకునేది. "మా చెల్లి మంచిదే. కానీ దాన్ని చూస్తే నాకు కడుపు మండుతుంది," అని, బయట ఎండగా ఉందన్నంత మామూలుగా అనేది. కోడలిగా వెళ్ళిన మొదటి వారంలో నా జడ చూసి కుళ్ళుకుంది. తర్వాత నా నడుము. ఆ తర్వాత పనిలో నాకు కిటికీ పక్క మిషను దొరకడం. ఈ వానాకాలంలో ఆమె పోయింది. నన్ను అంత శ్రద్ధగా చూసిన మనిషి ఇంకొకరు లేరు.

ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఇద్దరం కర్టెన్లు, దుప్పట్లు కుట్టే షెడ్డులో పనిచేసేవాళ్ళం. గోడల వెంబడి మిషన్లు, మధ్యలో కటింగు బల్ల. మిషను మీద కూర్చున్నవాళ్ళు తల వంచుకుని కుడుతుంటే, బల్ల దగ్గర కత్తెర పట్టినవాళ్ళు తలెత్తుకుని నిలబడతారు. వాళ్ళు ముక్క కోసి ఇస్తేనే మాకు పని. అక్క చూపంతా ఆ బల్ల మీదే ఉండేది. పువ్వుల గుడ్డను ఆమె కోస్తే, రెండు ముక్కలు కలిపినచోట సగం పువ్వుకు సగం పువ్వు అతికి, అక్కడ కుట్టు ఉందని తెలిసేది కాదు.

కటింగు మాస్టారు పెద్దాయన. ఆయనదొక నియమం: కడుపుతో ఉన్నవాళ్ళు బల్ల దగ్గరకు రాకూడదు. ఎప్పుడో ఒకామె అక్కడ నిలబడి నిలబడి కళ్ళు తిరిగి పడిందట. కత్తెర అక్క చేతిదాకా రావడం, అదే నెలలో ఆమె నెల తప్పడం ఒకసారి కాదు, రెండుసార్లు జరిగింది.

"ఆ బల్లకూ నా కడుపుకూ పాత పగేదో ఉంది," అనేది.

ముగ్గురు పిల్లలయ్యారు. నాకు పెళ్ళయి నాలుగో ఏడు నడుస్తున్నా ఇంకా లేరు. కొన్నాళ్ళు ఆగుదామని నేనూ మా ఆయనా అనుకున్నాం. పేట ఆసుపత్రిలో నర్సమ్మ ఇచ్చిన మాత్రలు వేసుకునేదాన్ని. మా అత్తగారికి తెలియనివ్వలేదు. ఆవిడ నన్ను ఏదైనా అనబోతే అక్కే అడ్డుపడేది, అదీ తన పద్ధతిలో.

"దాన్నెందుకంటారు అత్తయ్యా? అది సుఖపడుతోంది. నన్ను చూడండి, ఒకడు చంకలో, ఒకడు కొంగు పట్టుకుని, ఒకతి బడిలో. వీళ్ళలో ఒకణ్ణి పంచుకోమంటే పంచుకోదు."

ఒకరోజు వంటింట్లో నన్ను ఎగాదిగా చూసి అడిగింది. "ఏం తింటావే నువ్వు?"

"నువ్వు వండిందే తింటున్నా కదక్కా."

"అది కాదు. ఊరికే ఇలా ఎవరుంటారు?"

"ఆసుపత్రికి రా అక్కా. నర్సమ్మ అన్నీ విడమర్చి చెబుతుంది. ఇద్దరం కలిసే వెళ్దాం."

గరిటె గిన్నెలో గట్టిగా పెట్టింది. "మూడు కాన్పులు చూసినదాన్ని. ఒక్క కాన్పు ఎరగనిదాని వెనకాల నడిచి నేర్చుకోవాలా? చాల్లే."

బావగారితో మాట్లాడమంటే నవ్వింది. కండోమ్ అన్న మాట చెవిన పడితే చాలు, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరిదాకా పోతాడట ఆయన.

అదే ఏడాది మాస్టారికి చూపు మందగించింది. ఇంకొన్ని నెలల్లో పని మానేస్తాననీ, కత్తెర మా ఇద్దరిలో ఒకరికి ఇస్తాననీ అన్నాడు. "పెద్దామె చెయ్యి మంచిది. ఈసారైనా నిలబడగలిగితే ఆమెకే," అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి అక్క వేరే మనిషి అయింది. పాటలు పాడుతూ గిన్నెలు తోమింది. నా జడను మెచ్చుకుంది కూడా. ఏదో జరుగుతోందనిపించింది కానీ ఏమిటో తెలియలేదు.

నేను వాడే మాత్రల అట్టలో చాలావరకు తెల్లవి, చివరి వరుస మాత్రం ఇటుక రంగువి. ఆ రంగువి నెలసరి రోజుల్లో రక్తం పట్టడానికి ఇచ్చే ఇనుము మాత్రలు. పిల్లలు రాకుండా ఆపేవి తెల్లవే. రంగువి వేసుకుంటే మంచిదేనని నర్సమ్మ చెప్పినా, నాకు వాటితో కడుపులో తిప్పేది. అందుకని ఆ వరుస అలాగే వదిలేసేదాన్ని. చెత్తలో వేస్తే అత్తగారి కంట పడుతుందని, ఆ అట్టల్ని గుండీల డబ్బా అడుగున దాచేదాన్ని. ఎన్ని పోగయ్యాయో ఎప్పుడూ చూసుకోలేదు.

మాస్టారు పని మానే వారం వచ్చింది. అక్క బల్ల దగ్గర గుడ్డ పరుస్తూ, దాని గంజి వాసన తగలగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. సంగతేమిటో అందరికీ తెలిసిపోయింది.

ఇంటికి రాగానే వంటింటి తలుపు వేసి నా మీద పడింది.

"నకిలీ మందు పెట్టావు కదే. నాకు బల్ల రాకూడదనే."

"ఏ మందు అక్కా?"

గుండీల డబ్బా తెచ్చి నా ముందు బోర్లించింది. అట్టలన్నీ ఖాళీ. "రోజూ పొద్దున్నే ఒకటి మింగాను. ఒక్క పూట మానలేదు. నీ కడుపుకు తాళం వేసే మందు నా కడుపు దగ్గరికొచ్చేసరికి తలుపు తీసిందా?"

"ఇవి రంగువి అక్కా. ఆపేవి తెల్లవి. ఇవి రక్తానికి."

కాసేపు నా ముఖంలోకి చూసింది. అబద్ధమేమోనని వెతికింది. దొరకలేదు. అప్పుడు పీట మీద కూలబడింది.

"తెల్లదారంతో ఏం చేస్తామే మనం?" అంది మెల్లగా.

మా పనిలో మొదట తెల్లదారంతో పైపైన కచ్చా కుట్టు వేస్తాం. రంగుదారంతో అసలు కుట్టు పడ్డాక ఆ తెల్లదాన్ని లాగి పారేస్తాం. నిలిచేది రంగుదే. నేను తెల్లవి అయిపోగొట్టి రంగువి భద్రంగా దాచుకున్నానంటే, అసలు మందు ఇదేననుకుంది. షెడ్డులో ఎవరిని అడిగినా అలాగే అనుకునేవాళ్ళు. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను.

"నవ్వు. నీకేం, నవ్వుతావు."

నెలసరి ఆగడం కూడా మందు పనేననుకుని, నెలలు గడిచాక గానీ ఆమె గుర్తుపట్టలేదు. ఇక చేసేది లేదు. మర్నాడు మాస్టారు కత్తెర నా చేతిలో పెట్టబోయాడు. నేను చెయ్యి చాపానో లేదో, అక్క గోడ పక్కనున్న ఎత్తు స్టూలు బరబరా ఈడ్చుకొచ్చి బల్లకు ఆనించి, ఎక్కి కూర్చుంది.

"కూర్చునే కోస్తాను."

"కూర్చుని కోసినవాళ్ళు ఎవరూ లేరమ్మా," అన్నాడు మాస్టారు.

"నిలబడలేనివాళ్ళెవరూ అడగలేదు కాబోలు. దీని చేతికి కత్తెర ఇస్తే నాకు ఇక్కడే నొప్పులొస్తాయి. తర్వాత మీ ఇష్టం."

షెడ్డంతా నవ్వింది. మాస్టారు కష్టమైన పువ్వుల గుడ్డ ఒకటి ఆమె ముందు పరిచాడు. స్టూలు మీంచి ఒంగి, పొట్ట అడ్డమొచ్చినప్పుడల్లా గుడ్డనే తన వైపు జరుపుకుంటూ కోసింది. ముక్కలు ఆయన కలిపి చూసి, ఆమె దగ్గరే కత్తెర వదిలేశాడు. నేను కిటికీ పక్క మిషనుకు తిరిగి వెళ్ళాను. ఆ రోజంతా నాకు దారం తెగుతూనే ఉంది.

నాలుగోవాడు పుట్టాక అక్క నర్సమ్మ దగ్గరికి వెళ్ళింది. నాతో కాదు, ఒక్కతే. కాపర్-టీ వేయించుకుని వచ్చి నాకు వినబడేలా అత్తగారికి చెప్పింది. "రోజూ గుర్తుపెట్టుకుని మింగే బాధ లేదత్తయ్యా. ఏళ్ళ తరబడి ఉంటుందట. కొందరింకా మాత్రల దగ్గరే ఉన్నారు పాపం." అత్తగారికి సగమే అర్థమైంది, నాకు మాత్రం పూర్తిగా తగిలింది. షెడ్డులో ఆడవాళ్ళు ఆ సంగతులు అడగడానికి నా దగ్గరకు కాక బల్ల దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. అక్క కత్తెర ఆపకుండానే వాళ్ళకు చెప్పేది, "ఊహించుకుని మింగకండి. వెళ్ళి అడగండి," అని.

మరుసటి ఏడు నేను మాత్రలు మానేశాను. బిడ్డను కందామనుకున్నాం. నెల తప్పిన సంగతి మొదట అక్కకే చెప్పాను, బల్ల దగ్గర గుడ్డ అంచు పట్టుకుని. సంతోషిస్తుందనుకున్నాను, ఇప్పుడైనా నా నడుము పోతుందని. ఆమె ముఖం నల్లబడింది.

"కావాలనుకున్నావా?"

"అనుకున్నాం అక్కా."

"అనుకున్నావు, వచ్చింది." గుడ్డ మీద మడత లేకపోయినా అరచేత్తో రెండుసార్లు సాపు చేసింది. "నాకు నలుగురు. నా ప్రాణం పెడతాను నలుగురికీ. ఒక్కళ్ళనీ నేను పిలవలేదే. వాళ్ళంతట వాళ్ళే వచ్చారు."

నా చేతిలో గుడ్డ అంచు వదులైంది.

"జడ పోతుంది, నడుము పోతుంది. వాటి మీద కుళ్ళు కూడా వాటితోనే పోతుంది. ఇది పోదు," అంది. "అంచు గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాను. ఆమె కోసుకుంటూ నా వైపు వచ్చింది.