కెప్టెన్‌కు జనరల్ షిఫ్టు

నీలకంఠం పోర్టులో పద్దెనిమిదేళ్లుగా క్రేను నడుపుతున్నాడు. పది టన్నుల సరుకునైనా ఓడలోంచి లేపి, జెట్టీ మీద కోడిగుడ్డు దించినట్టు దించుతానని వన్ టౌన్ టీ కొట్టు దగ్గర రోజూ చెప్పుకునేవాడు. చెప్పుకోవడమే కాదు, దించేవాడు కూడా. అంతటి మొనగాడిని, పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో, జానెడు కుక్కపిల్ల మూడు చెరువుల నీళ్లు తాగించింది.

తొలకరి వానల్లో జెట్టీ మీద టార్పాలిన్ల కింద వణుకుతుంటే క్యారేజీ సంచిలో వేసుకొచ్చి, కెప్టెన్ అని పేరు పెట్టాడు. ఆ పేరు విని భార్య గురువమ్మ మూతి తిప్పింది గానీ, మొదటి గిన్నెడు పాలు పోసింది ఆవిడే. కెప్టెన్ పాలు తాగి, నాలుగడుగులు వేసి, ఉతికి మడతపెట్టిన నీలకంఠం యూనిఫారం మీద తీరుబడిగా పని కానిచ్చింది.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. చెప్పులు కొరుకుతోందని నీలకంఠం తన పాత చెప్పు ఒకటి దానికే ఇచ్చేశాడు. పాతదేదో కొత్తదేదో కుక్కకెలా తెలుస్తుంది? మర్నాడే కొత్త జోడు నమిలి పెట్టింది. ఇంట్లో తడి చేసినప్పుడల్లా దాని మూతి ఆ తడిలో రాసి, వీపు మీద ఒకటిచ్చేవాడు. దాంతో అది నేర్చుకున్నది ఒక్కటే, ఆయనగారి కంట పడకుండా చెయ్యాలని. బియ్యం డబ్బా వెనక చోటు చూసుకుంది.

ఇల్లుగలావిడ సూర్యకాంతమ్మది పక్క వాటాయే. ఒకరోజు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏటిది నీలకంఠం, ఇల్లా, పశువుల శాలా? కార్తీకం మొదలైతే నెల్లాళ్లు నాను పూజలు సేసుకోవాలి. మొదటి రోజే వచ్చి సూత్తాను. కంపు కొట్టిందా, కుక్కయినా ఎల్లాల, నువ్వైనా ఎల్లాల!"

నీలకంఠం కెప్టెన్‌ని ఒళ్లోకి లాక్కున్నాడు. పిల్లలు లేని ఇల్లు అది. డ్యూటీ నుంచి రాగానే ఒళ్లంతా ఊపుకుంటూ ఎదురొచ్చే ప్రాణి ఇప్పటికి దొరికింది. దాన్ని వదులుకోవడం తనవల్ల కాదు.

డ్యూటీకి బయల్దేరే ముందు పెరట్లోని ఇసుక కుప్ప దగ్గరికి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. ఆ వారం మార్నింగ్ షిఫ్టు. రోజూ తెల్లవారి ఐదింటికే తీసుకెళ్లాడు. ఇల్లు పొడిగా ఉంది. టీ కొట్టు దగ్గర కోతలకు అంతు లేదు. మరుసటి వారం మధ్యాహ్నం మొదలయ్యే సెకండ్ షిఫ్టు పడింది. అయ్యగారు ఎనిమిది దాకా గుర్రుపెట్టి నిద్రపోయాడు. ఐదింటికి లేచిన కెప్టెన్ మంచం చుట్టూ తిరిగి, మూలిగి, ఇక తనవల్ల కాక అక్కడే కానిచ్చింది. లేచి చూసిన నీలకంఠం కర్ర అందుకుంటే గురువమ్మ లాగేసుకుంది.

"కొట్టకు మావా! షిఫ్టు మారిందని దానికెవులు సెప్పినారు? షిఫ్టులు నీకు మారతాయి గానీ దాని పొట్టకి మారతాయేటి? దానిదెప్పుడూ ఒకే టైము, జనరల్ షిఫ్టే!"

"మరేటి సెయ్యమంతావే?"

"అది లెగిసినప్పుడు నువ్వూ లెగు. తిన్నాక ఓసారి, ఆడుకున్నాక ఓసారి తీసుకెల్లు. అంతే!"

ఆ రోజు నుంచి శిక్షణ నీలకంఠానికి మొదలైంది. ఏ షిఫ్టులో ఉన్నా ఐదింటికి లేవాలి. ఇసుకలో పని కాగానే కెప్టెన్ తల నిమిరి, ఒక ఎండు నెత్తలి చేప నోట్లో పెట్టాలి. తిట్టకూడదు, కొట్టకూడదు. "మా ఆయన బాగానే నేర్సుకుంతన్నాడు," అని గురువమ్మ వీధిలో అందరికీ చెప్పింది.

కార్తీకం మొదటి రోజు రానే వచ్చింది. చెల్లెలికి నొప్పులొస్తున్నాయని కబురొస్తే గురువమ్మ ముందురోజే గాజువాక వెళ్లింది. నీలకంఠానిది మార్నింగ్ షిఫ్టు. ఐదున్నరకి కెప్టెన్‌ని ఇసుక దగ్గర తిప్పి తెచ్చి, లోపల పెట్టి, తాళం వేసి వెళ్లాడు. రెండింటికి హూటర్ మోగింది గానీ, అతని తర్వాత క్రేను ఎక్కాల్సినవాడు రాలేదు.

"డబుల్ సేసీ బావా," అన్నాడు ఫోర్‌మన్ అర్జునరావు. పద్దెనిమిదేళ్లలో డబుల్ డ్యూటీ వద్దన్నవాడు కాదు నీలకంఠం.

"నాను సెయ్యను. కుక్కని బయటికి తీసుకెల్లాల."

జెట్టీ అంతా పడీ పడీ నవ్వింది. నవ్వితే నవ్వనీ! సైకిలెక్కి తొక్కుడు మొదలుపెట్టాడు.

గుమ్మం ముందు సూర్యకాంతమ్మ నిలబడి ఉంది. "తలుపు తియ్యి," అంది. తాళం చెవి ఒక పట్టాన దూరలేదు.

తలుపు తీసేసరికి కెప్టెన్ గుమ్మం దగ్గరే కూర్చుని ఉంది. తోక కూడా ఊపలేదు, ఒళ్లంతా వణుకుతోంది. ఒక్క గెంతున ఆవిడ కాళ్ల పక్క నుంచి దూసుకుపోయి ఇసుక కుప్ప ఎక్కింది. పోసింది, పోసింది, పోస్తూనే ఉంది. నీలకంఠం పక్కనే కూలబడ్డాడు. ఏడుపొచ్చేసింది.

"తొమ్మిది గంటలు ఆపుకున్నావురా నాన్నా! నిన్నా నాను కొట్టినాను?"

సూర్యకాంతమ్మ ఇల్లంతా తిరిగింది. మంచం కింద చూసింది, బియ్యం డబ్బా జరిపి మరీ చూసింది. ఎక్కడా చుక్క లేదు. ముక్కు మీద కొంగు తీసేసి పెరట్లోకొచ్చి, నీలకంఠం మీద విరుచుకుపడింది.

"నీకు బుద్ధుందేటయ్యా? నోరులేని దాన్ని అంతసేపు బిగబట్టిత్తావేటి? రేపట్నుంచి తాళం నాకిచ్చి ఎల్లు!"