పలమనేరు మూర

పోయిన వారం తిరుపతి బస్టాండు ఎదురుగా మా ఆవిడకు మల్లెపూలు కొంటున్నాను. అమ్మే పిల్ల పూలదండను చేత్తో కొలవలేదు. బల్లకు కొట్టిన రెండు మేకుల మధ్య లాగిపెట్టి కత్తిరించింది. ఇదేం కొలతమ్మా అంటే, "చేత్తో కొలిస్తే ఒకరికి ఎక్కువొచ్చింది, ఒకరికి తక్కువొచ్చింది అని కొట్లాటన్నా. ఇదైతే అందరికీ ఒకటే" అంది. న్యాయమైన మాటే. లెక్కల పరీక్షకు జడిసి ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి, కొలతల గురించి నేనేం వాదిస్తాను? కానీ మూర అనేది ఊరూరా ఒకటే అయివుంటే, మా చిన్నమ్మ కాపురంలో ఆ తగవు వచ్చేదే కాదు.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. కొండ నుంచి బస్సులు దిగేచోట పూలబుట్ట పెట్టుకుని కూర్చునేది. కొండమీద పూలన్నీ స్వామివే, ఆడవాళ్ళు తలలో పెట్టుకోరు కదా. అందుకని బోసి జడలతో పైకి పోయినవాళ్ళు, బస్సు దిగీదిగగానే ముందు వెతికేది ఆమె బుట్టనే. నేను పక్కనే షేర్ ఆటో నిలబెట్టుకుని, ఆటో కంటే నోరు ఎక్కువగా నడుపుతూ ఉండేవాణ్ణి. చిన్నమ్మ పొట్టి మనిషి, చెయ్యీ పొట్టిదే. "నీ మూరకు పూలు కొనేదానికంటే ఊరుకునేది మేలు" అని బేరగాళ్ళు సణిగేవాళ్ళు. ఎవరైనా మనసుకు నచ్చితే మాత్రం మోచేయి దాటించి కొలిచేది. మొగుళ్ళను చూసి అంచనా వేయడంలో ఆమెకు ఒక శాస్త్రమే ఉండేది. "ఒక మూర కొనేవాడు అలవాటు మొగుడు. రెండు కొనేవాడు ఆశ మొగుడు. అడక్కుండా నాలుగు కొన్నాడంటే యాడో ఏందో సేసొచ్చినాడబ్బా" అనేది. ఆ శాస్త్రం తప్పిందని ఒక్క ఆడమనిషి కూడా వచ్చి చెప్పలేదు.

ఇంత చేసీ తన తలలో మాత్రం తాజా పూవు ఉండేది కాదు. బుట్ట ఖాళీ కాకముందే అమ్మేవాళ్ళు ఆ పూలు ముడిస్తే బేరం ఎత్తిపోతుందని వాళ్ళ నమ్మకం. సాయంత్రానికి మిగిలిన వాడిపోయిన తునకే ఆమె వంతు. బేరం బాగుంటే అదీ ఉండదు. "నీకు గిరాకీ ఉంటే జడ బోసి, జడ నిండితే బువ్వ బోసి" అని నేను ఎగతాళి చేస్తే, మల్లెమొగ్గలు గుప్పెడు తీసి నా మీద విసరబోయి, సరుకు కదా అని మళ్ళీ బుట్టలో వేసుకునేది.

ఆమె మొగుడు, మా చిన్నాయన, పలమనేరు నుంచి తిరుపతికి పాలవ్యాను తోలేవాడు. గట్టిగా మాట్లాడితే వెనకున్న పాలు విరిగిపోతాయేమో అన్నట్టు ఉండేవాడు. సరుకు దించేసి, మధ్యాహ్నం మా దగ్గర వ్యాను ఆపి చిన్నమ్మ తెచ్చిన సద్ది తినేవాడు. ఒక వేసవిలో అలాగే వ్యాను ఆపినప్పుడు, ఆయన తింటుంటే నీళ్ళసీసా తీద్దామని క్యాబిన్లో చెయ్యి పెట్టిన చిన్నమ్మకు సీటు కింద తడి తుండుగుడ్డ తగిలింది. విప్పితే అరిటాకు, ఆకులో కనకాంబరాలూ మల్లెలూ కలిపి కట్టిన మాల. ఇంకా మంచులోంచి తీసినట్టే ఉంది. ఆమె మొదట చేసిన పని, దాన్ని తన చేతికి కొలవడం. మూర మీద బెత్తెడు తేలింది.

"ఇది పొడుగు సెయ్యి దాని మూర. యాడ కొన్నావు?"

"పలమనేరులో. బస్టాండు కాడ."

"ఎవురికి?"

చిన్నాయన అన్నం చెయ్యి కడుక్కుని, తలొంచుకుని, "నీకే" అన్నాడు.

చిన్నమ్మ నవ్వింది. అది నవ్వు కాదని ఆటోవాళ్ళందరికీ తెలిసిపోయింది. "బుట్టెడు పూలు ముందర పెట్టుకోని కుచ్చున్నదానికి నాకా? ఇనండప్పా, సముద్రానికి ఉప్పు మోసకొచ్చినాడు." ఆ మాల తీసి పక్కన నిలబడ్డ ఆవు ముందు వేసింది. ఆవు చక్కగా తినేసింది. చిన్నాయన చూస్తూ నిలబడి, సగం తిన్న గిన్నెకు మూత పెట్టి వెళ్ళిపోయాడు. రెండో మాట చెప్పలేదు. చెప్పివుంటే ఆమె నమ్మేదేమో, చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఆ తర్వాత ఇద్దరూ మామూలుగానే ఉన్నారు. కానీ ఆయన మళ్ళీ పూలు తేలేదు. ఆమె కూడా ఆ పూలు ఎవరికని మళ్ళీ అడగలేదు. మనసులో మాత్రం ఆ ప్రశ్న మానలేదు. మంచి మొగుణ్ణి చూసినప్పుడల్లా మూర కొలుస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగేది.

పోయిన ఏడాది చిన్నాయన గుండెపోటుతో పోయాడు. పదోరోజు ఆడమనిషికి చివరిసారి పూలూ గాజులూ పెట్టి, ఆ వెంటనే తీసేస్తారు. పెట్టేది తీసెయ్యడానికే అయితే పెట్టడం ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ముందురోజు చిన్నమ్మ నన్ను పిలిచి, "అబ్బోడా, ఆ పూలు మన అంగళ్ళవి వద్దు. పొద్దున్నే పలమనేరు పోయి బస్టాండు కాడ పూలామె దగ్గిర తీసకరా. మీ చిన్నాయన గుర్తుండాడేమో అడుగు. ఎవురికని కొన్నాడో ఏమన్నా సెప్పినాడేమో" అంది. అది అడగడానికి ఆమెకు ఎన్నేళ్ళు పట్టిందో చూడండి.

తెల్లవారుతూనే మొదటి బస్సెక్కి పోయాను. పూలామె నిజంగానే పొడుగు మనిషి. పాలవ్యాను తోలే ఆయన, సన్నంగా, మాటలు తక్కువ అని నేను ఎన్ని ఆనవాళ్ళు చెప్పినా, "ఎంతమందో వస్తారు నాయనా, ఎవుర్నని గుర్తు పెట్టుకునేది" అంది. మాల అరిటాకులో చుట్టి, "తిరుపతి దాకానా? ఈ ఎండకు ఉడికిపోతాయి. తుండులో కట్టి, బండి ఆగినచోటల్లా తడుపుకుంటా పో" అంది. చిత్తూరులో దిగి కొళాయి వెతికాను. తర్వాత ఆగిన చోటల్లా పరిగెత్తాను. బస్సు కదిలిపోతుంటే కండక్టర్ తిట్టాడు. పూలకోసం పరిగెత్తే మనిషిని చూసి జనం నవ్వారు. వేరే రోజైతే ఆ నవ్వుల్లో నేనే ముందుండేవాణ్ణి.

ఇల్లు చేరేసరికి ఆడవాళ్ళు తొందర చేస్తున్నారు. చిన్నమ్మ నా మొహమే చూస్తోంది.

"ఏమనింది?"

అబద్ధం ఒకటి నాలిక మీదే ఉంది. జీవితమంతా అబద్ధాలతో జనాన్ని నవ్వించినవాణ్ణి, ఆ పూట నోరు రాలేదు. "గుర్తులేదంట చిన్నమ్మా. తుండు తడుపుకుంటా పో, లేకుంటే దారిలోనే వాడిపోతాయి అని మాత్రం చెప్పింది. నీళ్ళకోసం పరిగెత్తీ పరిగెత్తీ సచ్చినాను."

ఆమె ఆ తడిగుడ్డను రెండు చేతులతో పట్టుకుని ఒత్తి చూసింది.

"ఆ పొద్దు గూడా తడిగానే ఉండెరా. ఆయన ఆగుండాడు, తడుపుకుంటా వచ్చుండాడు. ఇంకొకరికైతే నా కాడికి రాకముందే ఇచ్చేసుండును. నేను మూర కొలిసినా గానీ, తుండు సూడలా."

మాల తానే జడలో పెట్టుకుంది. ఒక పెద్దావిడ తీసెయ్యడానికి చెయ్యి చాపితే, "కొంచేపు ఉండనీండక్కా" అంది. తర్వాత తీసేశారు. పూలు అప్పటికింకా వాడలేదు. పూవుకు ఉండేది ఒక్క పూట, అయినా అది తన పని చేసుకునే పోతుంది. మనుషులమే, ఒక చిన్న మాట నమ్మడానికి ఒక కాపురమంత కాలం కూడా చాలక నిలబడిపోతాం.