నాయకుడి మాట, పక్కవాడి తెలుగు

మా ఆయన రైలు వ్యాగన్ల కార్ఖానాలో పనిచేసేవాడు. రాయపూర్‌లో ఏ పెద్ద నాయకుడు మాట్లాడినా నన్ను వెంటబెట్టుకుపోయి, పక్కన కూర్చుని, ఆ హిందీని నా చెవిలో తెలుగు చేసేవాడు. "ఇంటింటికీ నీళ్లిత్తాడంట. బిందెలు కడిగెట్టుకోయే" అని తన వేళాకోళం కూడా కలిపేవాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది.

మొన్న స్టేషన్‌లో బండి కోసం కూర్చున్నాను. గోడ మీద టీవీలో ఒక నాయకుడు ధరల గురించి, ఆడవాళ్ల ఉపాధి గురించి చెబుతున్నాడు. అలవాటు చావక పక్కకు వంగి, "ఏటంటన్నాడు?" అనేశాను. పక్కనున్నది ఎవరో ముసలాయన. నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం, "నూనె ధర దించుతాడంటమ్మా" అన్నాడు, మన తెలుగులోనే.

ఇంక నేను ఊరుకోలేదు. మాటమాటకీ అడిగాను, మాటమాటకీ చెప్పాడు. అంతలో నాయకుడు ఎదుటి పార్టీవాళ్లకి ఏదో చురక అంటించాడు. ముసలాయన నోరు తెరవకముందే నేను నవ్వేశాను.

ఆయన నా వైపు తిరిగాడు. "నీకు హిందీ వచ్చుగదేటమ్మా?"

"ముప్పై ఏళ్లబట్టీ వచ్చు బాబూ" అన్నాను, సిగ్గుపడి.

ఆయన టీవీ వైపు చూస్తూ, "ఇప్పుడు రోడ్ల సంగతి ఎత్తుకున్నాడమ్మా" అని మళ్లీ మొదలుపెట్టాడు.

హిందీ వచ్చని మా ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. చెబితే చెవిలో ఆ మాట ఆగిపోతుందని భయం. ఆయనా తెలిసే చెప్పేవాడేమో. అడుగుదామంటే మనిషి లేడు.