నాయనమ్మ పక్కచూపు

దేవునికి స్తోత్రం. ఈ కళ్లకు చూపు ఇచ్చినవాడు ఆయనే, అది తగ్గిపోతున్నా నన్ను విడువనివాడూ ఆయనే.

నా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో మా సంఘానికి ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి మీదైనా కోపం ఉంటే, సమాధానపడకుండా ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోకూడదు. ఒక ఆదివారం పక్కింటి అక్క రొట్టె తీసుకోకుండా వెనక గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది. ఆమె కోపం మా నాయనమ్మ మీదేనని అందరికీ తెలుసు. ఆరాధన ముగిశాక నాయనమ్మ నా చెయ్యి పట్టుకొని ఆమె దగ్గరికి నడిచింది.

"ఏందే, నా మీద అలిగి ప్రభువు మీద గూడ అలిగినవా?"

"వందనాలు చెప్తే మొకం పక్కకు తిప్పుకుంటవ్. నీకు నేనేం జేసిన అవ్వా?"

నాయనమ్మ పిడికిలి బిగించి ఆమె కళ్ల ముందు పెట్టింది. "ఇప్పుడు నా మొకం జూడు."

అక్క తల పక్కకు జరిపి చూసింది.

"నేను గూడ గట్లనే. సూటిగ జూస్తే నీ మొకం కాడ నల్ల మచ్చ. నిన్ను జూసేతందుకే పక్కకు తిరుగుతున్న, పిచ్చిదానా."

"మరి గీ ముచ్చట ముందే చెప్పొద్దా?"

"చెప్తే సంఘంల బైబిలు వాక్యం చదవనియ్యరని దాసిన. నోటికొచ్చిన వాక్యాలే ఇన్నాళ్లు అప్పజెప్తున్న."

అక్క ఏడుస్తూ నవ్వింది. పాస్టరుగారు మడిచిన బల్లగుడ్డను అక్క కోసం మళ్లీ పరిచారు.

ఇప్పుడు నాకూ అదే జబ్బు. వయసు మీద పడ్డాక కంటి లోపలి పొరలో నడిభాగం దెబ్బతింటుందట. నాయనమ్మ కాలంలో మా ఊళ్లో దాని పేరు కూడా ఎవరికీ తెలియదు. ఒక పొద్దున మా ఇంటి తలుపు అంచు వంకరగా కనిపించి నేను దవాఖానకు వెళ్లాను. కంటి వెనక సన్నని రక్తనాళాలు కారుతున్నాయని, కంట్లోకి సూది మందు ఇస్తే ఉన్న చూపు నిలవవచ్చని, పోయిన చూపు మాత్రం పూర్తిగా రాకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. చుక్కలు వేసి మొద్దుబారుస్తారు, నొప్పి అంతగా ఉండదు. కానీ మళ్లీ మళ్లీ వెళ్లాలి. సాగర్ రోడ్డు మీద బస్సులో కూర్చుంటే, ఇక చాలు ప్రభువా అనిపిస్తుంది.

దాచుకున్న బలహీనత మనుషుల మధ్య గోడ కడుతుందని ఆ ఆదివారం నేర్చుకున్నాను. అందుకే నా మచ్చ సంగతి సంఘంలో ముందే చెప్పేశాను. రేపు మళ్లీ సూది ఉంది. నాకు వెళ్లాలని లేదు, అలిసిపోయాను. ఇదీ మీ దగ్గర దాచడం లేదు. తెల్లారి లేచి ఆ బస్సు ఎక్కే బలం నాకు ఇమ్మని, నాతో కలిసి ఒక్క మాట ప్రార్థించండి.