అడుగు పొరలో తాళంచెవి

మెట్టుగూడ దాటి మెట్రో వంపు తిరుగుతుంటే, నా పక్క సీటులో ఉన్నావిడ ఫోనులో ఎవరితోనో గట్టిగా తగాదా పడుతోంది.

"ఉదయ్ సర్, ఎన్నిసార్లు అడిగినా గదే మాట. తెరవ. రిలీజ్ ఆగితే ఆగనీయుండ్రి."

అవతలి గొంతు నాదాకా వినిపిస్తోంది. "ఆఫ్షీన్, ప్లీజ్, చిన్న విషయాన్ని ఇంత పెద్దగ చేయకు."

"చిన్నదైతే మీరే క్లయింట్‌కు చెప్పుండ్రి." ఫోను పెట్టేసింది.

ముప్పై అయిదేళ్లు దాటి ఉంటాయి. తల మీద నల్ల దుపట్టా, ఒళ్లో లాప్‌టాప్ సంచి, మెడలో కంపెనీ కార్డు. పరాయివాళ్ల మాటలు వినకూడదని తెలుసు. కానీ ఊళ్లు పట్టుకు తిరిగేవాడికి అంతకన్నా తాజా వార్తాపత్రిక దొరకదు. "ఏం తెరవనంటున్నావమ్మా?" అని అడిగేశాను.

ఎగాదిగా చూసింది. "చెవులు మస్తు పనిచేస్తున్నయి తాతా మీకు."

"కళ్లు మందగించాయి. ఏదో ఒకటి చెయ్యాలి కదా."

నవ్వింది. కోపంలో ఉన్న మనిషి నవ్వితే మాట బయటికొస్తుంది. నాకిది పాత అనుభవం.

"మేం కంటైనర్లు చేస్తం," అంది.

నాకు విశాఖ రేవు గుర్తొచ్చింది. ఒకప్పుడు అక్కడ నెలలకొద్దీ పనీపాటా లేకుండా తిరిగాను. వరసలు వరసలుగా ఇనుప పెట్టెలు, వాటి మీద నేనెన్నడూ చూడని దేశాల రాతలు. సీలు తెగిన పెట్టెను హమాలీ కూడా ముట్టుకునేవాడు కాదు. అదంతా చెప్పబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇనుపవి కావు తాతా, సాఫ్ట్‌వేర్‌వి. ఒక ప్రోగ్రాం నడవాలంటే దానికి కావలసిన సామానంతా దాంతోని ఒక్క డబ్బాల పెట్టి మూస్తం. ఏ మెషీన్ మీద తెరిచినా ఒక్కతీరుగ నడుస్తది. ఆ డబ్బాలు తయారయ్యే కార్ఖానా నాది. సాఫ్‌గ ఉంచాలె, జల్దీ నడపాలె. గంతే నా కొలువు."

గంతే అన్న మాటలో ఎంత ఉందో ఆమె మిగతా కథ వింటే తెలిసింది. బేగంపేటలోని ఆ కంపెనీలో ఆమె చేరిన కొత్తలో ఎవరి లాప్‌టాప్‌లో వాళ్లు డబ్బాలు కట్టుకునేవారట. ఇంటర్నెట్‌లో ఎవరో ఊరూపేరూ లేనివాళ్లు పెట్టిన సరుకు తెచ్చి అడుగున పరిచేవారు. తయారీకి వాడిన పనిముట్లన్నీ లోపలే వదిలేసేవారు. ఇల్లు కట్టించుకున్నవాడికి తాపీలూ గమేళాలూ గోడలో పెట్టి ఇచ్చినట్టు. ప్రతి డబ్బాకీ లోపల యజమాని హక్కులు, అంటే ఏమైనా చేయగల అధికారం. డబ్బా కట్టే బిల్డ్ బటన్ నొక్కి, కిందికి దిగి, ఇరానీ చాయ్ తాగి, ఉస్మానియా బిస్కట్ ముంచుకుని, క్రికెట్ అంతా మాట్లాడుకుని వచ్చినా పని అయ్యేది కాదు.

ఆఫ్షీన్ అన్నీ తిరగేసింది. అరుదుగా మారే సామాను ముందు పేర్చి, రోజూ మారేది చివర్న పెట్టింది; యంత్రం చేసిన పనే మళ్లీ చేయదు. పనిముట్లు ఒక గదిలో, పూర్తయిన సరుకు ఒక్కటే చిన్న డబ్బాలో. ప్రతి సరుకుకూ వేలిముద్రలాంటి గుర్తు ఒకటి ఉంటుందట, అది సరిచూడకుండా బయటిది లోపలికి రాదు. యజమాని హక్కులు పీకేసింది. ఇప్పుడు లిఫ్టు కిందికి వచ్చేలోపు బిల్డ్ అయిపోతుంది.

"మెచ్చుకున్నారా?"

"యాడ? మా చాయ్ పోగొట్టినవ్ అని తిట్టిండ్రు. బిల్డ్ అత్త అని పేరు సుత పెట్టిండ్రు." ఆ పేరు చెప్పేటప్పుడు గడ్డం కొంచెం పైకి లేచింది.

ఇక అసలు తగాదా. కంపెనీ క్లయింట్లలో ఒకరు రక్తపరీక్షల ల్యాబులు నడుపుతారు. వాళ్ల రిపోర్టులు దాచిన చోటికి ఒక తాళంచెవి ఉంది. చెవి అంటే చాంతాడంత పొడుగు అక్షరాలు. కొత్తగా చేరిన యోగిత అనే అమ్మాయి డబ్బా కట్టేటప్పుడు ఆ తాళంచెవి లోపల పెట్టింది, పని కాగానే తీసేసింది.

"తీసేసింది కదా?"

"గదే తాతా మా లైన్ల అందరు చేసే తప్పు. నేను సుత చేసిన. డబ్బా పొరలు పొరలుగ తయారైతది. ఒక పొరల పెట్టినవ్, పై పొరల తీసేసినవ్. పైనుంచి చూస్తె ఉండదు. కింది పొరల అట్లనే ఉంటది. విప్పి చూసెటోనికి దొరుకుతది. నేను మొన్ననే అసొంటి తాళంచెవులు వెతికే స్కాన్‌ను అడుగు పొర దాకా పంపిన, దొరికింది, బిల్డ్ ఆపేసిన. కాని అసొంటిదే ఒక డబ్బా అంతకుముందే బయటికి పోయింది."

ఉదయ్‌కిరణ్, అంటే ఆమె మేనేజరు, చెప్పేది ఒక్కటే: ల్యాబుల కాంట్రాక్టు ఈ వారమే తేలాలి, ఇప్పుడు ఈ సంగతి చెబితే చేజారుతుంది, టీమంతా రోడ్డున పడుతుంది. పాత డబ్బా చెరిపేసి, స్కాన్ ఆపి, ఆమె ఆపిన బిల్డ్‌కు దారి తెరిచి రిలీజ్ వదలమంటాడు, అంటే కొత్త డబ్బా బయటికి పంపమంటాడు. మధ్యాహ్నంలోగా వదలకపోతే కార్ఖానా ఆమె చేతిలోంచి తీసేసుకుంటారు. ఆమె వెళ్తున్నది ఆ మీటింగుకే.

మాటల్లో తండ్రి వలీ సంగతి వచ్చింది. రెజిమెంటల్ బజార్‌లో గిన్నెలకు కళాయి పూసే దుకాణం. నేను ఊరుకోగలనా? పాత పూతను మంట మీద కాల్చి, రుద్ది, నవసారం చల్లి, అప్పుడు తగరం పూయాలనీ, పాత పూత మీదే కొత్తది పూసి చిలుమును దాచే మోసగాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారనీ అందుకున్నాను. "నీ పొరల కథా అదే కదమ్మా!"

"అయ్యో తాతా, అందరు గిదే అంటరు." విసుక్కుంది. "మా అబ్బా గిన్నె కరాబైతె మళ్ల మంట మీద పెడుతడు, ఐపోతది. బయటికి పోయిన నా డబ్బాను యాడ పెట్టాలె మంట మీద? ఎంతమంది కాపీ చేసుకున్నరో తెల్వది. తాళమే మార్చాలె. అది మార్చాలంటే ల్యాబోళ్లకు చెప్పాలె."

నా పోలిక చల్లగా కిందపడింది. పరేడ్ గ్రౌండ్ వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కారు. ఆమె లాప్‌టాప్ తెరిచి, ల్యాబువాళ్ల నంబరు నొక్కి ఫోను చెవిన పెట్టింది.

"స్వర్ణలత మేడం, నేను ఆఫ్షీన్, బిల్డ్ సైడ్ నుంచి. మీ రిపోర్టుల కీ మా డబ్బాల పడి బయటికి పోయింది... అవును, మా తప్పే. కొత్త కీ తయారుగున్నది, పంపిస్తున్న. మీరు పెట్టి చెప్పుండ్రి, పాతది రద్దు చేస్త. రిపోర్టులు ఒక్కటి సుత ఆగవు. పాత కీ ఎవరన్న వాడిండ్రా అని మీ దిక్కు జెర చూసుకోండ్రి."

అవతలావిడ ఏదో అడిగింది.

"ఎవరు చేసిండ్రని కాదు మేడం. నా కార్ఖానాల జరిగింది. నా పేరు రాసుకోండ్రి."

ఆ తర్వాత రసూల్‌పురా దాకా, కీ తీసేసి డబ్బా మళ్లీ కడుతున్నానంటూ టకటకా టైపు చేసింది. ఫోను మోగింది. కొత్త కీ పెట్టేశానని స్వర్ణలత చెప్పింది. ఆఫ్షీన్ పెదవి కొరుకుతూ రెండు ముక్కలు టైపు చేసి, వేలితో గట్టిగా నొక్కింది.

"పాత కీ సచ్చింది," అంది తెర వైపే చూస్తూ.

ప్రకాశ్ నగర్‌లో ఉదయ్‌కిరణ్ ఫోను.

"సర్, రిలీజ్ వదిలిన. కీ లేని డబ్బా. స్కాన్ ఆపలే. ల్యాబోళ్లకు నేనే చెప్పిన."

"ఎవర్ని అడిగి చెప్పినవ్?"

"కార్ఖానా నా చేతికిచ్చిన్నాడే అడిగినట్టు."

"కాంట్రాక్టు పోతే?"

"పోతే నిజం చెప్పినందుకు పోతది. తర్వాత దొరికి పోతే దొంగలమని పోతది. మీరే పసంద్ చేసుకోండ్రి."

"మీటింగ్‌కు రానక్కర్లేదు. కార్డు సెక్యూరిటీ దగ్గర ఇచ్చెయ్."

"వస్త. నా మొకం మీద చెప్పుండ్రి. యోగిత ముంగట చెప్పుండ్రి, ఎందుకు తీసేస్తున్నరో."

బేగంపేట వచ్చింది. నాకక్కడ పనేం లేదు, అయినా ఆమె వెనకే దిగాను. ఇంత విన్నాక ఒక మంచి మాటైనా చెప్పకపోతే ఎలా అని. నేను గొంతు సవరించుకునేలోపే ఆమె సంచి భుజాన వేసుకుని, దుపట్టా సర్దుకుని, కార్డు మెడలో అలాగే ఉంచుకుని జనంలో పడింది. ఎస్కలేటరు దగ్గర వరుస ఉంది. ఆగలేదు. మెట్ల మీదుగా దిగిపోయింది.